ఆడపడుచు ప్రార్థన

ఆపరేషన్ సంగతి ఆడపడుచుకి తెలియకూడదు. ఆ ఇంట్లో అందరూ ఒక్క మాట మీద నిలబడ్డ విషయం అదొక్కటే.

లిఫ్టు మెకానిక్‌కి గుండెలో వాల్వు మార్చాలి. నూటికి తొంభై మంది లేచి తిరుగుతారని డాక్టర్ చెప్పాడు.

"మిగతా పదీ మా ఎదురింట్లోనే ఉన్నాయి డాక్టర్‌గారూ," అంది మెకానిక్ భార్య.

డాక్టర్‌కి అర్థం కాలేదు. మెకానిక్‌కి అయింది. "ఆయన చెయ్యి మీద నాకు నమ్మకముంది. మా అక్క నోటి మీదే లేదు," అన్నాడు ఇంటికొచ్చాక.

ఎదురింట్లో ఉండేది అతని అక్క. దేవుణ్ణి ఆవిడ నమ్మినట్టు ఆ వీధిలో ఇంకెవరూ నమ్మరు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ప్రార్థన చేస్తుంది. అదీ పక్కవాటా దాకా వినపడేలా. చిక్కల్లా ఒకటే. ఆవిడ ఏది అడిగితే దానికి తలకిందులుగా జరుగుతుంది.

తన అత్తగారికి నిండు నూరేళ్లూ ఇమ్మని అడిగింది. మూడో రోజున అత్తగారు పోయింది. కోడలి ఏడుపు చూసి వీధి వీధంతా ఏడ్చింది. పైవాటాలో ఒకాయన డ్రమ్ముల క్లాసు పెడితే, అది పది కాలాల పాటు సాగాలని అడిగింది. నెల తిరక్కుండా మూతపడింది. తమ్ముడికి ప్రమోషన్ రావాలనీ, మూడొందల కిలోమీటర్ల అవతలికైనా సరే వెళ్లి బాగుపడాలనీ, వారం రోజులు ఒంటిపూట తిని మరీ అడిగింది. మెకానిక్ భార్య సామాను కూడా సర్దేసింది. ఆర్డరు ఇంకొకడి పేరు మీద వచ్చింది. పెట్టెలు విప్పుతుంటే ఆడపడుచే వచ్చి సాయం చేసింది.

ఇంట్లో ఆవిడ పేరు రివర్స్‌గేర్. ఎదురుగా ఎవరూ అనరు. మనసు మంచిది కదా, పాపం.

అందుకని, పక్క ఊళ్లో లిఫ్టు బిగించే పనుందని ఎదురింట్లో చెప్పి, మంగళవారం పొద్దున్నే ఆసుపత్రికి చేరారు. ఎనిమిదింటికి స్ట్రెచర్ థియేటర్ లోపలికి వెళ్లింది. ఎనిమిదీ ఇరవైకి ఆడపడుచు వచ్చింది, చెప్పులు చేత్తో పట్టుకుని.

ఆసుపత్రి ఫారంలో 'దగ్గరి బంధువు' అన్నచోట మెకానిక్ అలవాటు కొద్దీ అక్క నంబరు రాశాడు.

"నా తమ్ముడి గుండె కోస్తుంటే ఆ మాట ఆసుపత్రివాళ్లు చెప్పాలా నాకు?" అంది ఆవిడ. జవాబు కోసం ఆగలేదు. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది.

"అత్తా!" అని అరిచింది మెకానిక్ కూతురు.

ఆవిడ కళ్లు తెరిచింది. "ఏంటే?"

"నీ... నీ కళ్లజోడు నంబరెంత?"

చెప్పి మళ్లీ మూసుకుంది.

"అక్కా," అన్నాడు మెకానిక్ తమ్ముడు, "మన పాత ఇంటికి మెట్లెన్ని?"

"పదకొండు. ఇప్పుడెందుకురా?"

"పన్నెండేమో అని."

"పదకొండే. లెక్కలో నువ్వెప్పుడూ అంతే."

ముగ్గురూ వంతులు వేసుకున్నారు. పావుగంటకొకరు. స్టీలు గిన్నెల మీద స్టిక్కరు ఎలా వదులుతుంది, ఫోన్ ఛార్జర్ రాత్రంతా పెడితే ఏమవుతుంది, చిన్నప్పుడు తప్పిపోయిన కుక్క రంగేమిటి, అన్నీ అడిగారు. పదిన్నర దాకా ఆవిడ కళ్లు నిమిషానికి మించి మూతపడనివ్వలేదు. అప్పటికి ప్రశ్నలు అయిపోయాయి.

నర్సు బయటికొచ్చింది.

"వాల్వు పెట్టారు. రక్తం ఆగట్లేదు. ఇంకా టైం పడుతుంది," అని చెప్పి లోపలికి పోయింది.

మెకానిక్ భార్య నర్సు వెనకే థియేటర్ తలుపు దాకా వెళ్లింది. వెనక్కి తిరిగి చూసేసరికి ఆడపడుచు కుర్చీ ఖాళీ.

వరండా చివర ప్రార్థన గది ఉంది. ఆమె పరిగెత్తింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఆడపడుచు అప్పటికే మొదలుపెట్టేసింది. ఈసారి పైకి కాదు. గొణుగుతోంది. మెకానిక్ భార్య సందులోంచి చెవి పెట్టి వింది.

"వాణ్ణి ఇవాళే తీసుకుపో దేవుడా. ఒక్క పూట కూడా ఉంచొద్దు. వాడి మొహం మళ్లీ నా కంట పడనివ్వకు."

ఆవిడ చెంపల మీంచి నీళ్లు కారుతున్నాయి.

తలుపు తోయబోయిన చెయ్యి ఆగిపోయింది. మెకానిక్ భార్యకి అర్థమైంది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, దానికి అడ్డంగా నిలబడింది. కొత్త ప్రశ్నొకటి దొరికిందని మరిది వచ్చాడు.

"కదిలించకు. చెయ్యనీ," అని వెనక్కి పంపింది.

"మతి పోయిందా వదినా నీకు?"

"వెళ్లమన్నానా?"

గంటా ముప్పావు అలాగే నిలబడింది. ఒకసారి లోపలి గొంతు ఆగితే తలుపు కొట్టి, "వదినా, ఆపకండి," అని కూడా అంది.

పన్నెండుంపావుకి డాక్టర్ మాస్కు దించుకుంటూ వచ్చాడు. రక్తం ఆగింది. వాల్వు పనిచేస్తోంది. సాయంత్రానికి కళ్లు తెరుస్తాడు.

మెకానిక్ భార్య ప్రార్థన గదిలోకి వెళ్లి, ఆ మాట చెప్పి, ఆడపడుచుని వాటేసుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు.

"మీరు అడిగింది విన్నాను వదినా," అంది చివరికి. "మీ ప్రార్థన ఎదురు తిరుగుతుందని ఇన్నేళ్లూ మేం చాటుగా నవ్వుకున్నాం. మీకు తెలీదనుకున్నాం. పాపం, ఎప్పుడు తెలిసింది మీకు?"

ఆడపడుచు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఎనిమిదో క్లాసులోనే. అప్పట్నుంచీ ఒక్క ప్రార్థన కూడా వృథా పోనివ్వలేదు."