తమ్ముడి దవడ

ల్యాబ్‌లోంచి అందరూ వెళ్లిపోయారు. క్యాన్సర్ తినేసిన తమ్ముడి దవడకు బదులు అక్క అంతకుముందే తన చేతులతోనే లోహపు ఎముకను త్రీడీ ప్రింటు తీసింది. దానిపై చీము పట్టకుండా ఒక పూత, కదలికను కొలిచే పూత మరొకటి వేసింది. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు వాడు పోయాడు. వాడకుండా మిగిలిపోయినదాన్ని కొలిమిలో కరిగించాలన్నది నియమం. ఆమె కొలిమి వెలిగించి, చివరిసారిగా ఆ ఎముకను తీగతో కంప్యూటర్ తెరకు కలిపింది.

"కొత్త దవడతో నన్ను తిట్టిపోస్తానన్నావు కదరా! అన్న మాట మీద ఎప్పుడు నిలబడ్డావు గనక?"

ఎముక కదలలేదు. తెర మీద గీత మాత్రం రెండుసార్లు లేచింది, మొదట చిన్నగా, తర్వాత పెద్దగా. అలా నోరు తెరిచి వాడు పిలిచే పిలుపు ఒక్కటే, "అక్కా".

తీగ పీకేసింది. గీత మళ్లీ అలాగే లేచింది.

దేవుడా, పిలుపు పంపినవాడివి గొంతెందుకు పంపలేదు?

ఆమె కొలిమి ఆపేసి, కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"చెప్పరా, వింటున్నా."