చెక్కల బాట చివర

“దిగమ్మా కిందికి. ఈడ ఫోటోలు తీసేదానికి లేదు.”

శివజ్యోతి కెమెరాను కంటి దగ్గర్నించి తీయలేదు. నీళ్ళలో ఏపుగా పెరిగిన జమ్ముగడ్డి మధ్యలో ఒక నీటికోడి ఎర్రటి ముక్కుతో గడ్డిపోచను లాక్కుపోతోంది. మూడుసార్లు మీట నొక్కి, అప్పుడు తల తిప్పింది.

“ఈ బాట గవర్నమెంటోళ్ళు వేసింది కదప్పా. నిలబడేదానికి నీ పర్మిషనెందుకు?”

“బాట గవర్నమెంటుదే. నువ్వు ఫోటోలు తీస్తాండే నాలుగెకరాలు మాత్రం పట్టా భూమి. మా కంపెనీ కొంటాండాది.”

గట్టు మీంచి అడ్డుపడుతున్న భూపేష్ కడప నుంచి వచ్చిన లేఅవుట్ మేనేజరు. బద్వేలు పక్కనున్న ఈ చెరువు అంచున మట్టి తోలి ప్లాట్లు వేయాలని వాళ్ళ పథకం. చూడవచ్చే జనం కోసం నీళ్ళ మీద వేసిన చెక్కల బాట సరిగ్గా ఆ నాలుగెకరాల దగ్గరే ఆగిపోతుంది. వానలు పడితే అక్కడంతా మోకాలి లోతు బురద, జమ్ము, తుంగ. పక్షులు గూళ్ళు పెట్టేదీ అక్కడే.

శివజ్యోతికి యాభై ఎనిమిదేళ్ళు. భర్త పోయాక బస్టాండు దగ్గరి ఫోటో స్టూడియోను ఒక్కతే నడుపుకొచ్చింది. ఏళ్ళ తరబడి జనాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి “కదలొద్దు” అని చెప్పిన మనిషి. ఈ బాట మీద ఆ మాట వినేవాళ్ళు లేరు. అదే ఆమెకు నచ్చింది.

“ఓనరు ఒప్పుకున్నారా?” అని అడిగింది.

“ఒప్పుకున్నట్టే. ఓనరమ్మ కొడుకు వంశీ అని, బెంగుళూరులో ఉండాడు. ఫోన్లో అంతా మాట్లాడినాడు.”

“ఆమెతో మాట్లాడినావా?”

“ఆమెతో ఏం పని? పెద్దామె. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడ్తాదంట. కాగితాలు గూడా కొడుకే పంపిస్తాడంట.”

శివజ్యోతి కెమెరా పట్టీని మెడలో సర్దుకుంది.

“రేపు పొద్దున గూడా వస్తా,” అంది.

అట్నుంచి అటే అటవీ శాఖ ఆఫీసుకు పోయింది. ఆఫీసరు గాబ్రియేలు ఫోటోలన్నీ ఓపిగ్గా చూశాడు.

“బాగుండాయమ్మా. కానీ అది పట్టా భూమి. పక్షుల కోసం కాపాడాలంటే పట్టాదారు తనంతట తాను ఒప్పుకోవల్ల.”

“ఒప్పుకుంటే?”

“దాన్ని పక్షుల రక్షిత ప్రాంతమని ప్రభుత్వం ప్రకటిస్తే ఇంక ఎవరూ ఆడ ప్లాట్లు వేయలేరు. రేపు వారసులొచ్చినా అంతే. కానీ కోట్ల భూమిని ఎవరు వదులుకుంటారు?”

“ఆ సంగతి తర్వాత చూద్దాం సార్. మీకేం కావాలో చెప్పండి.”

“పక్షులు వచ్చి పోతాండాయంటే చాలదు. ఈడే గూడు పెట్టి, ఈడే పిల్లల్ని లేపుతాండాయని రుజువు కావాల. తేదీలతో సహా.”

మరుసటి రోజు నుంచి తెల్లవారేసరికి ఆమె బాట మీద ఉండేది. లకుముకి పిట్ట, నీటికాకి, పుల్లల్లాంటి ఎర్రకాళ్ళ మీద నడిచే పిట్ట, అన్నీ దొరికాయి. నీటికోడి గూడు మాత్రం జమ్ము లోపల ఎక్కడో ఉంది. పుల్లలు మోసుకుపోవడమే కనిపించేది, గూడు కనిపించేది కాదు.

పదిహేడో రోజు పోయేసరికి బాట చివరి చెక్కలు లేవు. ఎవరో మేకులతో సహా పెరికేశారు. గట్టు మీద భూపేష్ బైకుకు ఆనుకుని టీ తాగుతున్నాడు.

“చెక్కలు యాడికి పోయినాయప్పా?”

“నాకేం తెలుసు? పుచ్చిపోయినాయేమో. ఇంటికి పోమ్మా, ఈ వయసులో ఎందుకు నీకీ తిప్పలు?”

ఆమె చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కెమెరాను నెత్తిన పెట్టుకుని బురదలోకి దిగింది.

“ఓయ్! పాములుంటాయి!” అని అరిచాడు భూపేష్.

“ఉండనీ. వాటికీ ఫోటో తీస్తా.”

“పట్టా భూమిలో దిగినావు. కేసు పెడ్తా!”

“పెట్టు. ఓనరును పిలిపిచ్చి మరీ పెట్టు.”

బురద మోకాళ్ళు దాటింది. జమ్ము ఆకులు చేతుల్ని కోశాయి. ఆమె గంటకు పైగా కదలకుండా నిలబడింది. ఎప్పటికో జమ్ము పాయలుగా విడింది. గూటి అంచున పెంకు పగలగొట్టుకుని నల్లటి పిల్ల ఒకటి తడి తల బయట పెట్టింది. తల్లి దానిమీదికి వంగింది. శివజ్యోతి మీట నొక్కింది. కళ్ళు మసకబారి రెండో ఫోటో అదిరిపోయింది. మొదటిది చాలు.

నెల తిరక్కుండానే అటవీ శాఖవాళ్ళు చెరువు గట్టు మీద షామియానా వేసి సభ పెట్టారు. గాబ్రియేలు ఫోటోలన్నిటినీ పెద్దవి చేయించి తగిలించాడు. ఊరి జనం నీటికోడి పిల్ల ముందు గుమిగూడారు. భూపేష్ కూడా వచ్చాడు. పక్కకు పోయి ఎవరికో ఫోన్ చేసి, చాలా ధీమాగా తిరిగొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. కాసేపటికి శివజ్యోతి సంచిలో ఫోన్ మోగింది. ఆమె తెర మీది పేరు చూసి, మోత ఆపేసి మళ్ళీ లోపల పెట్టింది.

“రుజువులు సరిపోయినాయి,” అన్నాడు గాబ్రియేలు. “ఇంక పట్టాదారు సంతకం ఒక్కటే కావాల. ఈ రోజు రాకపోతే ఈ ఫైలు మూసేయాల్సిందే. వచ్చినారా?”

అతను జనం వరసల్ని కళ్ళతో వెతికాడు.

“రాదు సార్,” అని నవ్వాడు భూపేష్. “ఇప్పుడే కొడుకుతో మాట్లాడినా. ఆమె కొడుకు మాట దాటదు. పిట్టల కోసం భూమి పోగొట్టుకునేంత పిచ్చిది కాదంట.”

శివజ్యోతి కుర్చీలోంచి లేచింది. బల్ల దగ్గరికి నడిచి, పెన్ను తీసుకుని, అక్కడున్న ఒప్పుకోలు కాగితం అడుగున సంతకం చేసింది.

“ఏయ్, స్టూడియో అమ్మా!” భూపేష్ ఎగిరి లేచాడు. “నువ్వెవరు ఆడ సంతకం పెట్టేదానికి?”

ఆమె పెన్నుకు మూత పెట్టి, అతని వైపు తిరిగింది.

“వంశీ వాళ్ళమ్మనప్పా.”