నిద్ర డ్యూటీ

బాపట్ల ఎగ్జిబిషన్‌లో విజయమ్మ తన స్టాలు మధ్యలో మంచం వేసి, పాత చీరలతో కుట్టిన బొంత పరిచి, దాని మీద మొగుణ్ణి పడుకోబెట్టింది.

"కళ్లు మూసుకోవయ్యా. జనం వస్తున్నారు."

"మూసుకున్నానే. నిద్ర రావట్లేదు," అన్నాడు చిన్నయ్య.

పోయిన నెల తెనాలి ఎగ్జిబిషన్‌లో మూటలు మోసి అలసిపోయి, అమ్మకానికి పెట్టిన బొంత మీదే అతను గురకపెట్టాడు. విజయమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. జనం మాత్రం ఆ నిద్ర చూసి ముచ్చటపడి, మధ్యాహ్నానికల్లా బొంతలన్నీ కొనేసి స్టాలు ఖాళీ చేశారు.

అందుకే ఈసారి రెట్టింపు బొంతలు కుట్టింది. పొద్దున్నే అతనికి కడుపునిండా పెరుగన్నం పెట్టింది. ఫోన్‌లో పాస్టరుగారి ప్రసంగం కూడా వినిపించింది. ప్రతి ఆదివారం ప్రసంగం మొదలవగానే తల వాల్చేసే మనిషి, ఇవాళ చివరిదాకా విని ఆమెన్ అన్నాడు.

"బాబాయిగారికి ఒంట్లో బాగోలేదాండి?" అని అడిగి వెళ్లిపోయింది ఒకావిడ. ఒక్క బొంతా అమ్ముడుపోలేదు.

విజయమ్మకి ఒళ్లు మండింది. "ఇక్కడ పడుకోమంటే పడుకోవు. రేపల్లె గోడౌన్‌లో వాచ్‌మన్‌గా పెడితే రోజూ నిద్రపోయి ఉద్యోగం పోగొట్టుకున్నావు!"

ఆ మాట అని, తనే ఆగిపోయింది.

"సరే, లేచి కూర్చో. నేను టీ తాగొస్తా. ఒక్క బొంత కూడా పోకుండా కాపలా కాయ్. కన్ను మూశావంటే ఊరుకోను!"

ఆమె నాలుగడుగులు వేసిందో లేదో, వెనక గురక మొదలైంది.

"ఈ బొంత ఎంతండీ?" అని ఎవరో అడుగుతున్నారు.