తాలు

“తుఫాను వచ్చేస్తోంది. తలుపుల్లేని కిటికీ, దానికి కట్టిన ఆ టార్పాలిన్ పట్టా విప్పకండి బాబూ. ఈ ఒంటిగదిలో చంటిదాన్ని ఎటు జరపను? దానికేమన్నా అయితే?” అన్నాను అల్లుడితో.

శివనాగరాజు ముళ్లు విప్పుతూనే ఉన్నాడు. “కళ్లంలో మిరపకాయలు తడిసి రంగుపోతే తాలు కింద సగం ధరకే కొంటారు అత్తయ్యా.”

“బిడ్డ తడిస్తే?”

వియ్యపురాలు నవ్వింది. “నెల తక్కువ పిల్ల, రంగూ లేదు, ఏడుపూ లేదు. అది పుట్టడమే తాలు. తాలుకి పట్టా కప్పేవాళ్లని ఎక్కడన్నా చూశారా వదినగారూ?”

“నువ్వన్నా చెప్పవే మాధవీ,” అన్నాను నా కూతురితో.

ముళ్లన్నీ ఊడాయి. జల్లు ఉయ్యాల్లోకి కొట్టింది. చంటిదాన్ని తీసి నా కొంగులో చుట్టుకున్నాను.

అప్పుడు లేచింది మాధవి. నా వంక చూడకుండా మొగుడి దగ్గరికి వెళ్లింది.

“రెండో కొస నేను పట్టుకుంటాను, పదండి” అంది.