ఐదా, ఏడా?

ఎదురుగా నిలబడ్డ ముసలాయన్ని ఫెర్మిన్ చూడగానే గుర్తుపట్టాడు. ముసలాయన మాత్రం అతన్ని గుర్తుపట్టినట్టు లేదు.

"రెండు ల్యాప్‌టాప్‌లు చూపించు బాబూ. ప్రాసెసర్ల తేడా తెలియాలి," అన్నాడు.

పక్కన ఒక నడివయసు ఆవిడ, చేతిలో నోటుపుస్తకం. కూతురై ఉంటుంది. లిమాలో కంప్యూటర్ కొట్లుండే ఈ విల్సన్ వీధికొచ్చేవాళ్లంతా ఇంతే. పది కొట్లలో రాసుకుని పదకొండో కొట్లో కొంటారు.

ఉర్టెయాగా మాస్టారు! పదేళ్ల కిందట కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆఖరి పరీక్షకి ఇరవైకి పన్నెండు వేసిన మహానుభావుడు. పదమూడొస్తే పాసు. ఆ ఒక్క మార్కు కోసం ఫెర్మిన్ కాళ్లావేళ్లా పడితే, మొహం మీదే తలుపేసుకున్నాడు.

పట్టా రాలేదు. కయావో రేవులో కంప్యూటర్ల ఉద్యోగం ఏటా పడుతుంది, ఏటా పట్టా అడుగుతారు. ఇంకో అవకాశం ఇమ్మని ఇన్‌స్టిట్యూట్‌కి మూడు అర్జీలు పెట్టుకున్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చివరికి ఈ అగ్గిపెట్టెంత కొట్టే గతి అయింది. అయినా ఫెర్మిన్ నోట అబద్ధం రాదని విల్సన్ వీధంతా పేరు.

ఇవాళ ఆ పేరుని కాసేపు పక్కన పెట్టాడు.

రెండు ల్యాప్‌టాప్‌లు బల్ల మీదికొచ్చాయి. ఒకటి కొత్త ఐ ఫైవ్. రెండోది ఏడేళ్ల నాటి ఐ సెవెన్, ఎవరికీ అంటగట్టడానికి మనసొప్పక మూల పడేసింది.

"ఏది మంచిది?"

"అడగాలా పెద్దాయనా? ఐదు పెద్దదా, ఏడు పెద్దదా?"

ఆవిడ రాసుకుంది.

మాస్టారు అట్ట మీది అక్షరాలు చదివాడు. "ఈ ఐ ఫైవ్‌లో పది కోర్లున్నాయే. దాంట్లో రెండే."

"మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ఆ రెండూ ఒళ్లొంచి పనిచేస్తాయి."

"మరి క్యాష్ మెమరీ? దీనికి పన్నెండు, దానికి నాలుగు."

"ఇల్లు పెద్దదైతే చీపురు వెతుక్కోడానికే పొద్దు పోతుంది. నాలుగు చాలు."

ఎదురు కొట్లో చౌఫా అన్నం తింటున్న సోయిలా చెంచా ఆపేసింది. "ఏంట్రా ఫెర్మినూ, పట్టపగలే పిస్కో పట్టించావా? అంతా తల్లకిందులుగా చెప్తున్నావ్!"

"నీ అన్నం నువ్వు తినక్కా. నా కొట్టు, నా బేరం."

మాస్టారు వినీ విననట్టు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"బాగా ఆలోచించి చెప్పు బాబూ. తొందరేం లేదు. నన్ను ఏది తీసుకోమంటావు?"

ఫెర్మిన్ కడుపులో పదేళ్ల మంట చల్లారుతోంది. ఆ డబ్బా ఒక్క ఉత్తరం తెరవడానికి అరగంట తీసుకుంటుంది. తీసుకోవాలి. ఆ అరగంటా ఈయన తల పట్టుకుని కూర్చోవాలి. నెల తిరక్కుండా చెడిపోతే మరీ మంచిది.

"కళ్లు మూసుకుని ఐ సెవెన్ తీసుకోండి. మా నాన్నడిగినా ఇదే ఇస్తాను."

ఆవిడ చివరి మాట కూడా రాసుకుని పుస్తకం మూసేసింది. మాస్టారి వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది.

మాస్టారు ఐ సెవెన్‌ని వెనక్కి నెట్టి అన్నాడు:

"ఫెర్మిన్, నీ అర్జీ చూసి, పనిచేసే చోటే నీకు మళ్లీ పరీక్ష పెట్టాలని ఇన్‌స్టిట్యూట్ వాళ్లని ఒప్పించడానికి నాకు రెండేళ్లు పట్టిందయ్యా, ఈవిడ ఇంతసేపూ రాసుకున్నవి నీ జవాబులు."