హరూరు అంకె

ఆటో ఆగీ ఆగకముందే వేదవల్లి కిందికి దూకింది.

హరూరు శివార్లలో ఒక విత్తనాల తోట. దాని మూలన ముళ్ళతీగ కంచె. కంచె లోపల మోకాలెత్తు వానకొలత డబ్బా. దాన్ని చూడడానికే ఆమె పొద్దున్నే ధర్మపురిలో బస్సెక్కింది.

కంచె పక్కన మూట దించి, ఒక ముసలామె డబ్బా మీదికి వాలిన అవిసె కొమ్మ నరుకుతోంది.

మేకల కోసం కాబోలు అనుకుంది వేదవల్లి. ఇది సర్కారు చోటు, ఇక్కడ కొమ్మలు నరకకూడదని తమిళంలో గట్టిగానే చెప్పింది.

ముసలామె కొడవలి దించింది. కోపం మాత్రం తెచ్చుకోలేదు.

అంతలో వేదవల్లికి ఇంటి నుంచి ఫోను వచ్చింది. చేరినానని, తోట ఆఫీసు తలుపు ఇంకా తీయలేదని తల్లికి తెలుగులో చెప్పి పెట్టేసింది.

ముసలామె ముఖం విచ్చుకుంది.

“మనోళ్ళేనా అమ్మణ్ణీ? ఎవరి కోసరం వచ్చినావు?”

“జయరామ అనే ఆయన కోసం అవ్వా. ఇక్కడ వాన కొలిచేది ఆయనే కదా.”

“ఆయప్ప లేడు. నీకేం కావాల?”

చెప్పినా ఈమెకేం అర్థమవుతుంది అనుకుంది వేదవల్లి. కానీ మూడేళ్ళ కష్టం పండే వేళ నోరు ఆగలేదు. అంతా చెప్పేసింది.

ఆమె చెన్నైలో వాతావరణ పరిశోధన చేస్తోంది. పోయిన తుఫానును కంప్యూటరులో మళ్ళీ కురిపించి చూసింది. పాత నమూనాలు నేలను పాతిక కిలోమీటర్ల గళ్ళుగా కోస్తాయి. అంత పెద్ద గడిలో ఇక్కడి కొండలు కనిపించవు. అందుకే అవి హరూరుకు పదకొండు సెంటీమీటర్ల వానతో సరిపెట్టాయి. వేదవల్లి గళ్ళను మూడు కిలోమీటర్లకు కుదించింది. అంతే, మేఘాలు కొండకు తగిలి, ఒక్క రోజులో ముప్పై సెంటీమీటర్లు కుమ్మరించాయి.

అది నిజమో కాదో తేల్చాల్సింది ఈ డబ్బానే. చుట్టుపక్కల డబ్బాలన్నీ ఇరవై సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయాయి. లోపలి సీసాలో పట్టేది అంతే. ఆ పైన పడిందంతా పొర్లిపోతుంది. హరూరు నుంచి ఏదో నమ్మలేని అంకె వచ్చిందని చెన్నైలో ఎవరో పట్టికలో ఆ చోటు ఖాళీగా వదిలేశారు. ఆ అంకె దొరక్కపోతే నీ ముప్పై వట్టి ఊహే అన్నారు ప్రొఫెసరు.

దొరికితే మాత్రం, అలాంటి వానను ఇక ముందే చెప్పొచ్చు. పక్కనున్న కంబైనల్లూరులో ఏటిగట్టు ఇళ్ళను నీళ్ళు రాకముందే ఖాళీ చేయించొచ్చు.

ముసలామె కళ్ళార్పకుండా వింది.

“కంప్యూటర్లో ఎంత కురిసిందంటివి?”

“ముప్పై అవ్వా.”

“ఇంకా రవంత ఎక్కువే పడింది అమ్మణ్ణీ.”

వేదవల్లి నవ్వేసింది. వానలో తడిసిన ప్రతివాళ్ళూ అలాగే అంటారు.

ముసలామె ఇంకేదో చెప్పబోయింది. అంతలో ఆఫీసు తలుపు తెరిచిన చప్పుడైంది. వేదవల్లి వెనక్కి తిరిగి చూడకుండా అటు పరిగెత్తింది.

గుమాస్తా మురళి రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె గబగబా పేజీలు తిప్పింది.

తుఫాను రోజు దొరికింది. ఒక్క రోజుకే మూడు వరుసలు.

మధ్యాహ్నం 12.6. సాయంత్రం 11.2. మర్నాడు పొద్దున 7.6.

మొత్తం 31.4.

సీసా నిండకముందే ఎవరో దాన్ని ఒంచి, కొలిచి, మళ్ళీ పెట్టారు. ఒక్క చుక్క కూడా పొర్లనివ్వలేదు.

వేదవల్లి పేజీ ఫోటో తీసి ప్రొఫెసరుకు పంపింది. రెండు నిమిషాల్లో ఆయనే ఫోను చేశారు. నీ నమూనా నెగ్గిందన్నారు. వచ్చే వానాకాలానికి మిగతా కొండ తాలూకాలన్నిటికీ దాన్నే నడుపుదామన్నారు.

ఆమె ఆ సంబరంలోనే వెనక పేజీలు తిప్పింది. ఏళ్ళ తరబడి ఒక్క రోజు తప్పలేదు. ఎండాకాలం సున్నాలు కూడా వరుసగా, గుండ్రంగా ఉన్నాయి.

“ఈ జయరామగారి కాళ్ళకు మొక్కాలి. ఇల్లెక్కడ?”

మురళి వింతగా చూశాడు.

“జయరామన్న పోయి పదకొండేండ్లయింది మేడం. రిజిస్టరు మీద పేరు మార్చలే, అంతే.”

“మరి ఇదంతా రాసిందెవరు?”

బయట రోడ్డు మీద బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. మురళి కిటికీలోంచి అటు చూశాడు.

రాసిన మనిషికి అంకెలు తప్ప ఒక్క అక్షరం రాదని చెప్పాడు. తుఫాను రోజు వద్దన్నా వినకుండా, దారిలో నడుములోతు నీళ్ళు దాటుకుని మూడుసార్లు వచ్చి కొలిచిందని చెప్పాడు. రేపటి నుంచి కొత్త యంత్రమే కొలుస్తుంది గనక, హోసూరులో కూతురి దగ్గర ఉండిపోవడానికి ఇప్పుడే ఆ బస్సెక్కి పోయిందని చెప్పాడు.

“ఆయప్ప పెండ్లాము కెంపమ్మ మేడం, ఇంతకు ముందు కంచె కాడ మీతో మాట్లాడతా ఉండెనే, ఆయమ్మే.”