రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత

ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. అరవై దాటాక పలక పట్టినదాన్ని. మెల్లగా రాస్తాను. అందుకే కథ కూడా చిన్నది.

బిక్షానికి ఇంజన్ నేర్పడానికి సారవ్వకు వారం పట్టింది.

దండెం తాడు విప్పి దూలానికి కట్టింది. అది కూత గొలుసు. ఇసుర్రాయి పిడి ఆవిరి వదిలే మీట. గుంజకు వేలాడదీసిన నూనె సీసా, బాయిలర్లో నీళ్లెన్ని ఉన్నాయో చూపే గాజు గొట్టం. వాటి మధ్యలో ముసలాయనను నిలబెట్టింది.

సకల జనుల సమ్మె అయిపోయిన మరుసటి ఏడు అది. ఎప్పుడో బొగ్గు వ్యాగన్లు లాగిన ఆవిరి ఇంజన్‌ను గనుల కంపెనీ తన షెడ్డు మూల నుంచి బయటికి తీసి, బాగుచేయించి, గోదావరిఖనిలో పార్కు చుట్టూ కిలోమీటరు పట్టాలు వేసింది. పిల్లలను ఎక్కించి తిప్పుతారట. దాని ఆఖరి డ్రైవర్ ఎవరని రికార్డు తీస్తే బిక్షం పేరు వచ్చింది. ఆదివారం మొదటి కూత ఆయనే వేయాలని, ఆయనకు శాలువా కప్పుతామని ఉత్తరం పంపారు.

ఆ ఉత్తరం చదివి సారవ్వ కొడుకు భూపాల్ మొహం మాడిపోయింది. అతని ఉద్యోగం బిక్షం పేరు మీద వచ్చిందే. పెద్దమనిషి నలుగురిలో తడబడితే ఆఫీసులో పాత ఫైళ్లు తెరుస్తారని, ఉన్న ఉద్యోగం ఊడుతుందని అతని ఫికర్. పానం బాగలేదని చెప్పి తప్పించుకుందామన్నాడు. పోకపోతే వాళ్లే ఇంటికొస్తారన్నది సారవ్వ.

ఆ ఇంజన్ గురించి ఆమెకు తెలియనిది లేదు. ముప్ఫై ఏళ్లు కంచంలో అన్నం పెడుతూ విన్నది. క్వార్టర్ల వెనక నుంచి పోయేటప్పుడు రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. డ్యూటీ దిగుతున్న, నీళ్లు కాగబెట్టమని అర్థం.

బిక్షం మాత్రం ప్రతిసారీ కుడిచేత్తోనే తాడు అందుకునేవాడు.

"ఎడమ చెయ్యి, బావా. కుడిది ఆవిరి మీట మీదుండాలె."

"నీకే బాగ తెల్సు గద. నువ్వే ఎక్కరాదు."

"పేరు నీది. ఎక్కుడు నువ్వే ఎక్కాలె."

ఆదివారం ఇంజనీరు గోపాలరావు మైకు చేతికిచ్చి, మొదటి రోజు ఈ ఇంజన్‌ను చూసినప్పుడు ఎట్లా అనిపించిందో చెప్పమన్నాడు. బిక్షం ఇంజన్ వైపు చూశాడు. నేర్పిన మాటలన్నీ ఎగిరిపోయాయి.

"దీన్ని జూస్తే నాకు భయం సారూ. అప్పుడు గంతే, ఇప్పుడు గంతే."

జనం పడీపడీ నవ్వారు. పనితనం ఉన్నవాళ్లు ఇట్లాగే తగ్గి మాట్లాడతారని గోపాలరావు మెచ్చుకున్నాడు.

ముందు వరుసలో రాజలింగు ఉన్నాడు. ఆ ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లూ కనిపించవు. మా బిక్షం గొంతు ఇట్లా ఉండేది కాదే అన్నాడు, పక్కనున్నవాళ్లందరికీ వినపడేటట్టు. సారవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. భూపాల్ తలకాయ కిందికి వేసుకున్నాడు.

బిక్షం ఇంజన్ ఎక్కాడు. కుడి చెయ్యి లేచింది. ఆగింది. దిగింది. ఎడమ చెయ్యి లేచింది.

రెండు పొట్టివి. ఒక పొడుగుది.

రాజలింగు కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు.

"గదే కూత. మా బిక్షమే."

నీళ్లు కాగబెట్టాలని సారవ్వ గబుక్కున లేవబోయింది. ఎక్కడున్నదో గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నది.

ఇంటికి రాగానే బిక్షం శాలువా తీసి గోడ మీద దండ వేసిన తమ్ముడి ఫొటోకు కప్పాడు. తన పేర ఉద్యోగం వస్తే ఇంజన్‌కు జడిసి ఊరికి పారిపోయిన తనకు బదులు, ఆ పేరుతోనే ముప్ఫై ఏళ్లు దాన్ని నడిపిన సారవ్వ భర్త సదయ్యకు.

ఐలవ్వ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉండేది సెంటినరీ కాలనీ